పంట కాపలా తుపాకీ పాతబడిందా? మందు దట్టించే ముందు ఒకసారి చూడండి

హార్సిలీ కొండ కింద చేలున్న రైతులకు అడవిపందుల సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. శెనక్కాయ ఊడలు దిగి కాయ ఊరే వేళకు గుంపుగా వచ్చి, తెల్లారేసరికి చేనంతా దున్నినట్టు చేసిపోతాయి. బి.కొత్తకోట పక్క పల్లెల్లో మీ నాయన కాలంలోనో, తాత కాలంలోనో లైసెన్సు మీద తీసుకున్న పంట కాపలా తుపాకీ మీ ఇంట్లో ఉంటే, ఈ నాలుగు మాటలు మీకోసమే.

మూతి నుంచి మందు దట్టించే తుపాకీ అరిగిపోయినా పేలుతూనే ఉంటుంది. చిక్కంతా అక్కడే. మోటారు అరిగితే నీళ్ళు తగ్గుతాయి, మనకు తెలుస్తుంది. తుపాకీ అరిగితే మొదట తెలిసేది పట్టుకున్నవాని చేతికీ, కంటికీ.

ఏది చూడాలన్నా ముందు అది ఖాళీగా ఉందో లేదో తేల్చుకోండి. మూతిని మనుషులూ పశువులూ లేని దిక్కుకు పెట్టి, క్యాపు తీసేయండి. మందు దట్టించే కడ్డీని గొట్టంలోకి మెల్లగా చివరిదాకా దించి, మూతి దగ్గర బొగ్గుతో గీత పెట్టండి. కడ్డీని బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి కొలవండి. గొట్టం అడుగుదాకా రాకుండా నాలుగు వేళ్ళు పైనే ఆగిందంటే లోపల మందు ఉన్నట్టే. పోయినేడు ఎవరో దట్టించి మరిచిపోయి ఉండొచ్చు. దాన్ని మీరు గెలకొద్దు.

ఖాళీ అని తేలాక సుత్తి చూడండి. క్యాపు మీద పడే ఆ సుత్తికి రెండు గాట్లుంటాయి, సగం ఎత్తినప్పుడు ఒకటి, పూర్తిగా ఎత్తినప్పుడు ఒకటి. సగం గాటులో ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కినా సుత్తి కదలకూడదు. జారిందంటే గాటు అంచు అరిగినట్టు. గట్టు దూకినప్పుడు, కంప తగిలినప్పుడు పేలేది ఇట్లాంటి తుపాకీలే. సుత్తి నీరసంగా పడి క్యాపు ఒక్కోసారి పేలకపోతే స్ప్రింగు అలిసిపోయింది.

క్యాపు తొడిగే ముక్కును కూడా చూడండి. దాని రంధ్రం పెద్దదయితే మంట వెనక్కి తన్నుతుంది, సుత్తి ఎగిరిపడుతుంది, క్యాపు తునకలు మొహాన కొడతాయి. గొట్టం వెనక మర బిగించిన చోట మసి చార కనిపిస్తే అక్కడ సందు పడింది. గొట్టం పొడుగునా వేళ్ళతో తడిమి చూడండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే ఆ తుపాకీ ఇక పనికిరాదు. ఉబ్బిన గొట్టానికి వెల్డింగు పెట్టించడం చావును కొని తెచ్చుకోవడమే.

ఇక్కడ ఒక మాట. మనకు కమ్మరాయన దగ్గర, లేత్ మెషిన్ షాపులో చెప్పుకుంటే పని అయిపోతుంది. మడక కర్రు సాగగొట్టేవాడు ఇదీ చేస్తాడనుకుంటాం. గాటును ఆకురాయితో కాస్త రాస్తే నునుపవుతుంది, నిజమే. కానీ తర్వాత ట్రిగ్గర్ మీద ఈగ వాలినా పేలేటట్టు తయారవుతుంది. పైగా 1959 ఆయుధాల చట్టం కింద తుపాకీ రిపేరుకు లైసెన్సు ఉన్నవారే ఆ పని చేయాలి. లేకుండా చేస్తే కమ్మరాయన మీద కేసు పడుతుంది, మీ లైసెన్సుకూ ఎసరు వస్తుంది. దూరమైనా, నాలుగు రూపాయలు ఎక్కువైనా లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికే పోండి. మీకు ఒంట్లో బాగాలేక కొడుకును పంపుతుంటే, రాతపూర్వకంగా అనుమతి రాసి చేతికివ్వండి. రిపేరుకు తీసుకుపోవడానికి చట్టం అది ఒప్పుకుంటుంది. ఉత్త నోటిమాట చెల్లదు.

మందు విషయంలో తోటాల్లోది విప్పి ఈ గొట్టంలో పోయడం మహా తప్పు. దాని బలానికి పాత గొట్టం చీలిపోతుంది. క్యాపు కొట్టి పేలకపోతే వెంటనే దించి చూడకండి. ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. మూతి ఖాళీ దిక్కుకే పెట్టి కనీసం ఒక నిమిషం ఆగండి.

లైసెన్సు ఉందని జంతువును కొట్టొచ్చని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. నెమలి జోలికైతే అసలే పోవద్దు.

కాల్చిన మందు మసి గాలిలో తేమను పీల్చి గొట్టాన్ని లోపలే తినేస్తుంది. కాల్చిన రోజే వేడి నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పలచగా నూనె పట్టించండి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించిన తుపాకీ వారాల తరబడి అక్కడే ఉంటుంది. తిరిగి ఇంటికి తెచ్చిన రోజున కూడా ముందు ఆ కడ్డీ గీత కొలత చూసి, తర్వాతే గోడకు తగిలించండి.