ఆడిటరు విద్యయు శిక్షణాకాలమును



గ్రామములలోని పెద్దలకు జమాఖర్చు క్రొత్త విషయము కాదు. చిట్ఠా యననేమో, ఆవర్జా యననేమో, నాటి పద్దు నాడు వ్రాయకున్న కలుగు చిక్కులెట్టివో మీరెఱుగుదురు. పూర్వము కరణము వ్రాసిన లెక్కలను జమాబందిలో పై యధికారి తనిఖీ చేయుచుండెను. అట్లే కంపెనీల పద్దులు నిజమైనవో కావో పరీక్షించి, తన చేవ్రాలుతో లోకమునకు తెలుపువాడు చార్టర్డ్ అకౌంటెంటు. వాడుకలో ఆతనిని ఆడిటరందుము. డిగ్రీ పొందిన మీ కుమారుడు గాని కుమార్తె గాని ఈ విద్యలో నెట్లు ప్రవేశింపవలెనో, శిక్షణాకాలమున నెట్లు చదువవలెనో నేడు మనవి చేసెదను.

ఈ విద్యను నడపు భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949వ సంవత్సరమున, శాసనము మూలమున, జూలై 1వ తేదీన స్థాపింపబడినది. విద్యార్థుల పేర్లు నమోదు చేసికొనుట, పాఠ్యగ్రంథముల నిచ్చుట, పరీక్షలు జరుపుట దాని పని. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము, గుంటూరు మొదలగు పట్టణములలో దానికి శాఖలు గలవు.

పండ్రెండవ తరగతితో వచ్చువారు ఫౌండేషన్ అను మొదటి పరీక్ష నీయవలెను. డిగ్రీ పొందినవారి కా పరీక్ష లేదు. వాణిజ్యశాస్త్రమున డిగ్రీ పొందినవారికి నూటికి 55 మార్కులును, తక్కిన శాస్త్రములవారికి 60 మార్కులును ఉండిన చాలును. నేరుగా రెండవ మెట్టున చేరవచ్చును. ఆ మెట్టును ఇంటర్మీడియట్ అందురు. ఇది జూనియర్ కళాశాలలోని ఇంటర్మీడియట్ కాదని గమనింపుడు. దరఖాస్తు ఇంటర్నెట్ ద్వారా పంపవలెను. పేరును పదవ తరగతి పత్రములో నున్నట్లే వ్రాయుట మేలు.

నమోదైన పిదప ఎనిమిది మాసములు చదివి పరీక్షకు పోవలెను. అందు రెండు వర్గములు, ఒక్కొక్క వర్గమున మూడేసి పత్రములు. ప్రతి పత్రమునను 40 మార్కులు, వర్గము మొత్తమున నూటికి 50 రావలెను. ఒకనికి 58, 59, 39 వచ్చినవనుకొందము. మొత్తము 156 అయినను ఒక పత్రమున ఒక్క మార్కు తగ్గుటచే ఆతడు తప్పినట్లే. మఱియొకనికి 45, 48, 50 వచ్చినవి. ఏ పత్రమునను తప్పలేదు గాని మొత్తము 143 మాత్రమే, అతడును తప్పినట్లే. కావున తప్పిన ప్రతివాడును మందబుద్ధి యని పెద్దలు తలపరాదు. పరీక్ష ఇంగ్లీషున గాని హిందీలో గాని వ్రాయవలెను, తెలుగున వ్రాయ వీలులేదు. తెలుగు మాధ్యమమున చదివినవారు డిగ్రీలో నుండగనే దినమున కొక పుటయైన ఇంగ్లీషు వార్షిక నివేదికలను చదువుట యలవాటు చేసికొనవలెను.

ఈ పరీక్ష గడచిన పిమ్మట ఆడిటరు కార్యాలయమున శిక్షణ. పూర్వము మూడేండ్లుండగా, 2023వ సంవత్సరపు క్రొత్త విధానమున రెండేండ్లైనది. ఇంగ్లండు దేశమున ఒకప్పుడు శిష్యుడే గురువునకు రుసుము చెల్లించి పని నేర్చెడివాడు. మన దేశమున అట్టి రుసుము పుచ్చుకొనుట నిషిద్ధము. పైగా ఆడిటరే శిష్యునకు, పట్టణపు జనసంఖ్యను బట్టి, కొంత భృతి నీయవలెను.

ఇచట నొక వక్రమార్గము గలదు. పేరు మాత్రము కార్యాలయమున వ్రాయించి, పనికి పోక, ఆ కాలమంతయు పరీక్షకై వినియోగించుట. కొందఱు తండ్రులు, బిడ్డల మేలు కోరియే, ఎఱిగిన ఆడిటరు నిట్లడుగుదురు. సంస్థ దీనిని నిషేధించినది. నిషేధమటుంచి, నష్టమెవరిదో విచారింపుడు. 2009వ సంవత్సరము జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు, తమ పద్దులలో చూపిన నిలువలో 5,000 కోట్ల రూపాయలకు పైబడిన మొత్తము లేనేలేదని లేఖ వ్రాసి యొప్పుకొనెను. బ్యాంకులో నిలువ యున్నదా యని ఆడిటరు తానే బ్యాంకునకు వ్రాసి, జవాబును తానే నేరుగా పుచ్చుకొనవలెను. కంపెనీవారు తెచ్చి యిచ్చిన కాగితము చాలదు. ఈ చిన్న సూత్రము పాటింపబడలేదని తరువాతి విచారణలో తేలెను. ఆ సూత్రము గ్రంథములో నొక పంక్తి మాత్రమే. కార్యాలయమున పది జాబులు వ్రాసి, పది జవాబులు సరిచూచినవానికే యది చేతికి వచ్చును.

కావున పగటి పనిని, రాత్రి చదువును విడదీయరాదు. పగలు పన్నుల లెక్క చూచిన, ఆ రాత్రి ఆ ప్రకరణమే చదువవలెను. శిక్షణ ముగిసిన ఆఱు మాసములకు గాని తుది పరీక్షకు పోరాదు. ఆ ఆఱు మాసములు పునశ్చరణకే గాని తొలి పఠనమునకు చాలవు.

పెద్దలు చేయదగినవి మూడు. మొదటిది, డిగ్రీ పిమ్మట ఇంచుమించు నాలుగేండ్లు సంపాదన నాశింపకుండుట. రెండవది, ఏడాదికి సెలవులు పండ్రెండు దినములే గనుక, ప్రతి పెండ్లికిని, ప్రతి కోతకును బిడ్డను పిలువకుండుట. మూడవది, తప్పినప్పుడు దిగులుపడకుండుట. 2025వ సంవత్సరము మొదలుకొని తుది పరీక్షయు ఏటికి మూడు మాఱులు జరుగుచున్నది. బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మార్కుల నడుగుటకు ముందు, “ఈ మాసమున ఏ పద్దులు చూచితివి? ఎచట అనుమానము కలిగినది?” అని యడుగుడు. దానికి తడబడక చెప్పగలిగెనేని, ఆ శిక్షణ సార్థకమగుచున్నదని నమ్మవచ్చును.