అడవి మంటను ఆదిలోనే పట్టు యంత్రములు

ఫాల్గుణ మాసము దాటినది మొదలు మన పల్లెల చుట్టునున్న గడ్డి నేలలు ఎండిపోయి, ఒక్క నిప్పురవ్వకు అంటుకొను స్థితిలో నుండును. దేవరయాంజాల్, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములనే చూడుడు. ఒకవైపు అడవి తునకలు, శామీర్‌పేట జింకల పార్కు, కండ్లకోయ ఆక్సిజన్ పార్కు. మరియొకవైపు గోదాములు, కాలనీలు, రాజీవ్ రహదారి. ఇట్టిచోట పుట్టిన మంట అడవిలోనికి పోవచ్చును, ఇంటి మీదికిని రావచ్చును. అట్టి మంటను పుట్టిన నిమిషములలోనే కనిపెట్టి, మనిషి చేరకముందే ఆర్పగల యంత్రములను నిర్మించుటకు నేడు అనేక దేశములలో కృషి జరుగుచున్నది. ఆ యంత్రములెట్టివో, వాని వలన గ్రామములకు ఒనగూడు మేలెంతయో ఇచ్చట వివరింపదలచితిమి.

మంట స్వభావము

తెలంగాణ అడవులలో అధికభాగము ఆకురాల్చునవి. టేకు మొదలగు చెట్ల ఆకులు రాలి నేలపై పరుపువలె పరచుకొనును. ఫిబ్రవరి నుండి మే వరకు అగ్ని భయము మెండు. ఈ మంటలలో చాలమట్టుకు మనిషి చేతి నుండి పుట్టినవే. ఇప్పపువ్వు ఏరుటకు చెట్టు క్రింది ఆకులను తగులబెట్టుట, కొత్త గడ్డి మొలచునని పాతగడ్డికి నిప్పు పెట్టుట, ఆర్పని బీడీ ముక్కను పారవేయుట, దారి ప్రక్క చెత్తను కాల్చుట దీనికి ముఖ్య కారణములు.

మంట చాపయంత యున్నప్పుడు ఇద్దరు మనుష్యులు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పగలరు. గాలి తోడై గుట్ట నెక్కసాగినచో ఇరువదిమంది యైనను నిలువలేరు. పైనున్న గడ్డిని క్రింది సెగ ముందుగానే ఎండబెట్టును గనుక ఎత్తుకు మంట వేగముగా ప్రాకును. కావున కాలమే ఇచ్చట ముఖ్యము.

ఆకాశమందలి కావలి

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సాయముతో అడవి మంటలను గుర్తించుచున్నది. నిప్పు నుండి వెలువడు పరారుణ కిరణములు చుట్టుపట్ల నేలకంటె తీవ్రముగా నుండును. ఉపగ్రహము ఆ భేదమును పసిగట్టును. ఆ సమాచారమును మన షాద్‌నగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రపు స్థావరము అందుకొనును. పిమ్మట అటవీ సిబ్బంది సెల్‌ఫోనులకు హెచ్చరిక చేరును. 2019లో ఈ ఏర్పాటు మరింత మెరుగుపరుపబడినది.

అయినను దీనికి పరిమితులు గలవు. 2017 నుండి వాడబడుచున్న ఉపగ్రహ సాధనము చూపు ఒక్కొక్క చుక్క 375 మీటర్ల చదరము, అనగా సుమారు 35 ఎకరముల నేలకు గుర్తు. అది మనపై మధ్యాహ్నము సుమారు ఒకటిన్నర గంటకు, మరల రాత్రి ఆ వేళకు సాగిపోవును. మూడు గంటలకు పుట్టిన మంటను అది రాత్రి గాని చూడజాలదు. మబ్బు క్రమ్మినచో అదియును లేదు.

నేలపై యంత్రములు

ఈ లోపమును తీర్చుటకు ఎత్తైన స్తంభములపై కెమెరాలు అమర్చబడుచున్నవి. అవి నిరంతరము చుట్టును చూచుచు, పొగ కనబడగానే కృత్రిమ మేధ సాయముతో దానిని గుర్తించి వార్త పంపును. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యములో 2024లో ఇట్టి ఏర్పాటు జరిగినది. చెట్లకు కట్టు చిన్న పరికరములు కొన్ని గలవు. అవి రగులుచున్న ఆకుల నుండి వచ్చు వాయువులను వాసన పట్టును.

కనిపెట్టుట ఒక యెత్తు. ఆర్పుట మరియొక యెత్తు. 2023లో ఎక్స్‌ప్రైజ్ అను అమెరికా సంస్థ ఒక కోటి పది లక్షల డాలర్ల పోటీని ప్రకటించినది. దానిలో ఒక విభాగపు నియమమేమనగా, వేయి చదరపు కిలోమీటర్లలో ఎచ్చట ప్రమాదకరమైన మంట లేచినను, మనిషి ప్రమేయము లేకుండ పది నిమిషములలో కనిపెట్టి అణచవలెను. ఆ విస్తీర్ణము మన మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాకు ఇంచుమించు సమానము. అంతేగాక, హాని లేని మంటను విడిచిపెట్టవలెను. ఇది మిక్కిలి కష్టము. వంటపొయ్యి పొగ, ఇటుక బట్టీ పొగ, ఎర్రదుమ్ము, మంచు, వీనినన్నింటిని యంత్రము వేరుచేసి చూడవలెను గదా!

ఆర్పుటకు డ్రోనులు వాడజూచుచున్నారు. పొలములకు మందు చల్లు డ్రోనులలో పెక్కు పది లీటర్ల ద్రవమును మోయును. అంత నీరు చాపయంత మంటకు చాలును. ఎకరము మంటకు చాలదు. అందుచేత త్వరగా కనిపెట్టనిచో ఆర్పు యంత్రము నిరర్థకమగును. దేవరయాంజాల్ వంటి చోట ఇంకొక అడ్డంకి గలదు. హకీంపేట వైమానికదళ స్థావరము సమీపముననే యున్నందున అనుమతి లేనిదే డ్రోను నెగురవేయరాదు.

పంచాయతీల కర్తవ్యము

యంత్రము కేక వేయగలదు. ఆ కేక విని పరుగెత్తువాడు గ్రామములో లేనిచో ఫలమేమి? కావున ఈ క్రింది పనులను వేసవికి ముందే చేయుట మేలని మా మనవి.

మొదటిది: అటవీ సర్వేక్షణ సంస్థ హెచ్చరికలు ఉచితముగా పొందుటకు ఎవరైనను తమ సెల్‌ఫోను సంఖ్యను నమోదు చేసికొనవచ్చును. ప్రతి పంచాయతీలోను కనీసము ఇద్దరు సభ్యులు ఈ పని చేయవలెను.

రెండవది: పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణ పంచాయతీలకు ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు సమకూడినవి. ఎండాకాలపు మధ్యాహ్నములందు ట్యాంకరును నింపి సిద్ధముగా నుంచవలెను.

మూడవది: అడవి అంచున ఆకులను, గడ్డిని ఊడ్చి, నిప్పు దాటలేని వెడల్పున బాటలు తీయించవలెను. అటవీ సిబ్బంది ఆకులను ఊదివేయు యంత్రములతో ఈ పని చేయుదురు. వారితో కలిసి చేయుట మంచిది.

నాల్గవది: బీటు అధికారి ఫోను సంఖ్యను, అగ్నిమాపక దళపు 101 సంఖ్యను పంచాయతీ గోడపై వ్రాయించవలెను. పెద్ద మంటకు ఎదురుపోరాదు, గుట్ట పైభాగమున నిలువరాదు, పిల్లలను పంపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, నిప్పు పెట్టకుండుట. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరమని గ్రామసభలో చెప్పవలెను. ఇప్పపువ్వు ఏరువారికి చెట్టు క్రింద వల గాని, పాత చీర గాని పరచుకొనుట నేర్పినచో ఆకులను కాల్చు అవసరమే యుండదు. పుట్టిన మంటను పది నిమిషములలో ఆర్పు యంత్రము ఎంత గొప్పదైనను, మంటను పుట్టనీయని గ్రామము అంతకంటె గొప్పది.