కంప్యూటరుకి ‘ఫార్మాట్’ కొట్టించే ముందు

కంప్యూటరు మొరాయించిందని షాపుకి తీసికెళితే, అక్కడి కుర్రాడు రెండు నిమిషాలు అటూ ఇటూ నొక్కి చూసి “ఫార్మాట్ కొట్టాలండీ” అంటాడు. మనమూ సరేనంటాం. ఆ మాటకి అర్థం తెలిస్తే అంత తేలిగ్గా తల ఊపం. ఫార్మాట్ అంటే డిస్కు మీద ఉన్నదంతా ఊడ్చేసి మళ్ళీ విండోస్ ఎక్కించటం. పాడైన విండోస్‌తో బాటు పిల్లవాడి అక్షరాభ్యాసం ఫొటోలూ, పోయిన అత్తగారి గొంతుతో రికార్డు చేసుకున్న మంగళహారతీ, ఇంటిపన్ను రసీదులూ అన్నీ పోతాయి.

నిజానికి విండోస్ వేరు, మన సామాను వేరు. ఇంటికి వెల్ల వేయించటానికి బీరువాలోని చీరలు పారెయ్యక్కరలేదు కదా! విండోస్ 10లోనూ 11లోనూ సెట్టింగ్స్‌లో ‘రికవరీ’ అనే చోట ‘రీసెట్ దిస్ పీసీ’ అని ఉంటుంది. అది నొక్కితే రెండు దారులు చూపిస్తుంది. ‘కీప్ మై ఫైల్స్’ అన్నది ఎంచుకుంటే మన ఫొటోలూ కాగితాలూ ఉంచి, విండోస్‌ని మటుకు కొత్తగా వేసుకుంటుంది. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ జోలికి పోకండి. తరువాత ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ కావాలా అని అడుగుతుంది. దానికి 4 జీబీకి పైగా నెట్ ఖర్చవుతుంది. ఫోను నెట్ మీద నడిపేవాళ్ళు ‘లోకల్ రీఇన్‌స్టాల్’ అనటం మేలు.

ఫైళ్ళు ఉంటాయి గాని, మనం విడిగా వేసుకున్న ప్రోగ్రాములూ ఫాంట్లూ పోతాయి. తెలుగువాళ్ళకి ఇక్కడే ఒక చిక్కుంది. అను ఫాంట్లలో టైపు చేసిన భజన పాటల పుస్తకమో, శుభలేఖో తెరిస్తే అక్షరాల బదులు ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. ఫైలు పాడైందని కంగారుపడి చెరిపెయ్యకండి. పోయింది ఫాంటే. అది మళ్ళీ వేస్తే తెలుగు తిరిగొస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసినవాటికి ఈ బాధ లేదు. ఆ ఫాంటు మనకి ఎవరు వేసి ఇచ్చారో ముందే కనుక్కుని, దాన్నీ ఒక చోట దాచుకోండి.

ఇంత భద్రమైన దారి ఉన్నా, ముందుగా ఒక నకలు తీసికోవలసిందే. మధ్యలో కరెంటు పోవచ్చు, డిస్కే చెడిపోవచ్చు. “డి డ్రైవులో పెట్టాంగా” అంటారేమో! చాలా ఇళ్ళల్లో సి, డి రెండూ ఒకే డిస్కులో రెండు గదులు. ఇల్లే కూలితే రెండు గదులూ కూలుతాయి. బయట తగిలించే హార్డ్ డిస్కులోకే ఎక్కించండి. డెస్క్‌టాప్ మీద పరిచినవీ, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్నవీ చాలామంది మరిచిపోతారు. ఎక్కించాక నాలుగైదు ఫొటోలు తెరిచి చూసి, అప్పుడు డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి.

కొన్ని కంప్యూటర్లు మధ్యలో ‘బిట్‌లాకర్’ తాళం అని 48 అంకెల సంఖ్య అడుగుతాయి. సాధారణంగా అది మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి, ఆ ఖాతా పాస్‌వర్డుతో సహా. లాప్‌టాప్ అయితే పని అయ్యేదాకా ఛార్జరు తియ్యకండి.

ఇదంతా మనవల్ల కాదనుకుంటే షాపుకే ఇవ్వండి, తప్పులేదు. “ఫార్మాట్ వద్దు బాబూ, కీప్ మై ఫైల్స్ పెట్టి రీసెట్ చెయ్యి” అని నోటితో చెప్పటమే గాక, చీటీ రాసి మూత మీద అంటించి మరీ ఇవ్వండి.