పార్కు శబ్దము – అర్థపరిణామము

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రతీరము వెంబడి పోవు మార్గమున, రుషికొండయొద్ద ‘పార్కు’ అను ఆంగ్లశబ్దము పలు విధముల వినవచ్చును. కొండలపై కంప్యూటరు సంస్థలున్న చోటు ఐ.టి. పార్కు. దిగువ తీరమునకు వచ్చినవారు బండి ‘పార్కు చేసి’ యిసుకలోనికి దిగుదురు. పిల్లలాడుకొను తోటయు పార్కే. వీనికి పోలిక యేమని విద్యార్థి యడిగినచో, ‘ఉద్యానవనము’ అని యొక్క యర్థమునే యిచ్చు నిఘంటువు సమాధానము చెప్పజాలదు.

ఈ శబ్దమునకు మూలార్థము ఆవరణము. ప్రాచీన ఫ్రెంచినుండి ఆంగ్లమునకు వచ్చిన కాలమున, రాజానుమతితో కంచె వేసి వేటజంతువులను పెంచు భూమికి ఇది పేరు. అందు పూలు ముఖ్యములు గావు, కంచె ముఖ్యము. లండనులోని హైడ్ పార్కును ఎనిమిదవ హెన్రీ 1536లో వేటకై స్వాధీనపరచుకొనెను. మొదటి చార్లెస్ 1637లో దానిని ప్రజలకు తెరపించెను. వేట పోయి విహారము మిగిలినది. మనకు చేరిన తోట యను నర్థమిదియే.

క్రియారూపము సైన్యమునుండి వచ్చినది. శిబిరమున ఫిరంగులను, బండ్లను బారులు తీర్చి నిలుపు తావును పార్కనిరి. అట్లు నిలుపుటకును అదియే మాట. మోటారుబండ్లు ప్రబలిన పిదప, 20వ శతాబ్దిలో, అది వీధికి వచ్చినది.

మూడవ యర్థమునకు కారణమొక భూవిక్రయము. మాంచెస్టరు చెంత ట్రాఫర్డ్ వంశీయుల జింకల పార్కు 1896లో అమ్ముడుపోయి కర్మాగారములకు నెలవైనది. జింకలు పోయినను పేరు పోలేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు భూమిలో 1951లో వెలసినదియు ‘ఇండస్ట్రియల్ పార్కే’. రుషికొండ ఐ.టి. పార్కు ఈ శాఖకు చెందినది.

తెలుగున దీనికి సాటి వచ్చు మాట ‘దొడ్డి’ యని మా యభిప్రాయము. పశువులను గట్టు ఆవరణము దొడ్డి. పరుల చేను మేసిన పశువును నిర్బంధించు తావు బందెలదొడ్డి. ఇంటివెనుక పెరడును దొడ్డియే. తుదకు బహిర్భూమికి పోవుటయు ‘దొడ్డికి పోవుట’ యైనది. ఆవరణార్థము గల యీ రెండు మాటలలో ఒకటి రాజుల వేటతో గౌరవమంది రుషికొండ దాక వచ్చినది. రెండవది సభలో పలుకరానిదైనది. ‘ఐ.టి. దొడ్డి’ యని యెవరైన వ్రాసినచో నవ్వుదుము. ఆ నవ్వునకు కారణము అర్థదోషము మాత్రము గాదు.

ఇక నిఘంటుకర్తకొక చిక్కు గలదు. ఆంగ్లమున ఈ యర్థములు ఒక దానినుండి యొకటి పుట్టినవి. తెలుగువారు వానిని వేర్వేరుగా తెచ్చుకొనిరి. బండి పార్కు చేయువాడు తోటను తలపడు. తోట యర్థమున ఈ మాట స్వతంత్ర నామము. నిలుపుట యను నర్థమున ‘చేయు’ ధాతువును విడువదు. మూడవ యర్థమున ప్రాయికముగ సమాసమున ఉత్తరపదముగనే కానవచ్చును. కావున తెలుగు నిఘంటువున మూడు ఆరోపములుండుటయే యుక్తము; ఆవరణార్థమును వ్యుత్పత్తిలో చూపిన చాలును.