పేరు మార్చుకోనన్న వహీదా: ఏరువాక పాట నుంచి ఫాల్కే అవార్డు దాకా

ఇందుకూరుపేట వైపు నాట్ల టైములో పొలం గట్టు మీద ఎవరి ఫోన్లో పాత పాటలు మోగినా, ‘రోజులు మారాయి’ సినిమాలోని ఏరువాక పాట వినిపించక మానదు. ఆ పాటకు తెర మీద ఆడింది వహీదా రెహమాన్ అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఇంట్లో నానీలు, దాదీలేమో "ఆమె హైదరాబాదీ కదా" అంటారు. అదీ కరెక్టు కాదు.

వహీదా 1938 ఫిబ్రవరి 3న చెంగల్పట్టులో పుట్టారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా దక్షిణ సరిహద్దు దాటితే చెంగల్పట్టు జిల్లానే. అంటే ఆమె నెల్లూరోళ్లకు పక్క జిల్లా అమ్మాయి. నాన్న ప్రభుత్వ అధికారి, ఇంట్లో ఉర్దూ, నలుగురు అక్కచెల్లెళ్లలో ఈమే చిన్నది. అక్కతో కలిసి భరతనాట్యం నేర్చుకున్నారు. ముస్లిం అమ్మాయికి నేర్పడానికి గురువు మొదట వెనకాడారని ఆమే తర్వాత చెప్పారు. బంధువులు కూడా గొణిగారు. నాన్న మాత్రం అడ్డు చెప్పలేదు.

ఆ నాన్న త్వరగా చనిపోవడంతో ఇల్లు ఇబ్బందుల్లో పడింది. సినిమా అవకాశం అప్పుడే వచ్చింది. 1955లో తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’లో ఒక్క డాన్సు. పాట రాసింది కొసరాజు, పాడింది జిక్కి, సంగీతం మాస్టర్ వేణు. పాట ఎంత హిట్టయిందంటే, ఆ బాణీనే ఎస్.డి.బర్మన్ 1960లో ‘బంబయ్ కా బాబు’ అనే హిందీ సినిమాలో వాడుకున్నారు.

ఆ రోజుల్లోనే బొంబాయి దర్శకుడు గురుదత్ హైదరాబాద్ వచ్చారు. దారిలో ఆయన కారు గేదెను ఢీకొని చెడిపోయిందని, అందుకే ఊళ్లో కొన్నాళ్లు ఆగాల్సి వచ్చిందని చెప్పుకుంటారు. డాన్సు పాటతో జనాన్ని ఊపేస్తున్న అమ్మాయి గురించి అక్కడి డిస్ట్రిబ్యూటర్ చెప్పాడు. పైగా ఆ అమ్మాయికి ఉర్దూ బాగా వచ్చని తెలిసి గురుదత్ ఆశ్చర్యపోయారు. కొన్ని నెలలకు బొంబాయి నుంచి కబురొచ్చింది.

అసలు కథ అక్కడ మొదలైంది. ‘సి.ఐ.డి.’ సినిమాకు మూడేళ్ల ఒప్పందం రెడీ చేశారు. పేరు మాత్రం మార్చాలన్నారు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు, ముంతాజ్ జహాన్ మధుబాల అయింది, మహజబీన్ మీనాకుమారి అయింది, నీకేంటి అభ్యంతరం అని అడిగారు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు, మార్చుకోనని టీనేజీ పిల్ల చెప్పేసింది. అది ఒప్పుకున్నాక ఇంకో షరతు: నచ్చని బట్టలు వేసుకోను, ఆ మాట కాగితం మీద రాయండి. చేతిలో ఒక్క హిందీ సినిమా కూడా లేని అమ్మాయి ఇలా అడగడం వాళ్లకు మింగుడు పడలేదు. అయినా చివరికి రాశారు. ఆమెకు 18 నిండలేదు కాబట్టి అమ్మ సంతకం చేసింది.

బీకాం చదివినోళ్లకు మొహరీ బీబీ కేసు గుర్తుండే ఉంటుంది. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ చెప్పిన తీర్పు అది. ఇప్పుడు రీల్సు చూసి షార్ట్ ఫిల్ములకూ యాడ్‌లకూ పిల్లల్ని పిలుస్తుంటే, ఏం రాసుందో చూడకుండానే సంతకాలు పెట్టే తల్లిదండ్రులు ఎక్కువ. సినిమా పని మంచిదా కాదా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో మాట. ఆ చర్చ వేరు. పంపాలనుకున్న ఇల్లు మాత్రం కాగితం చదవాలి కదా.

అమెరికాలోనూ స్టూడియోలదే పెత్తనం. మార్గరీటా కాన్సినోను రీటా హేవర్త్‌గా మార్చింది హాలీవుడ్డే. సినిమాల్లోనూ తర్వాత టీవీలోనూ నటించిన ఒలీవియా డి హావిలాండ్‌కు వేరే కష్టం. ఒప్పుకోని పాత్రలకు సస్పెండ్ చేసిన రోజుల్ని కూడా ఆమె ఏడేళ్ల ఒప్పందానికి కలిపి పొడిగించారు. ఆమె 1943లో వార్నర్ బ్రదర్స్ మీద కోర్టుకెక్కి, 1944లో అప్పీల్ కోర్టులోనూ గెలిచారు. ఆమె కోర్టులో సాధించుకున్నారు, వహీదా సంతకానికి ముందే అడిగి రాయించుకున్నారు.

తర్వాతి లెక్క చాలామందికి తెలిసిందే. ‘ప్యాసా’ (1957), ‘చౌధ్వీఁ కా చాంద్’ (1960), సత్యజిత్ రే ‘అభిజాన్’ (1962). ‘గైడ్’ (1965)లో భర్తను వదిలి డాన్సర్ అయ్యే రోజీ పాత్ర వద్దని తెలిసినవాళ్లు చెప్పినా చేశారు, ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. ‘రేష్మా ఔర్ షేరా’ (1971)కు జాతీయ అవార్డు. 1974లో నటుడు కమల్జీత్‌తో పెళ్లయ్యాక బెంగళూరు వైపు స్థిరపడ్డారు. సినిమాలు తగ్గాయి గానీ ఆగలేదు. 1976లో ‘కభీ కభీ’లో అమితాబ్‌కు భార్య, 1978లో ‘త్రిశూల్’లో తల్లి! హీరో వయసు అక్కడే ఉంటుంది, హీరోయిన్ మాత్రం రెండేళ్లలో తల్లి అయిపోతుంది. ఇదేం లెక్కో.

2021 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆమెకేనని 2023 సెప్టెంబర్‌లో ప్రకటించారు. అప్పటికి ఆమెకు 85 ఏళ్లు.

తెలుగులో చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. ‘రోజులు మారాయి’ హీరోయిన్ షావుకారు జానకి, వహీదా ఆ ఒక్క పాటలోనే కనిపిస్తారు. నటన చూడాలంటే అదే 1955లో ఎన్టీఆర్‌తో చేసిన ‘జయసింహ’ ఉంది. అక్కినేనితో ‘బంగారు కలలు’ (1974), కృష్ణ ‘సింహాసనం’ (1986) తర్వాత వచ్చినవి.