బాపు తెచ్చిన రైలు మళ్లీ కదిలింది

"గా డబ్బ ఇంకెన్నేండ్లు దాస్తవే? పాత సామాన్లోడు వస్తే ఇచ్చెయ్ రాదు!"

దసరాకు ఇల్లు దులుపుతుంటే అమ్మ అన్న మాట ఇది. సజ్జ మీద నుంచి దించిన అట్టపెట్టెలో ఉన్నది మా బాపు కువైట్ నుంచి తెచ్చిన బొమ్మ రైలు. ఒక ఇంజను, మూడు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. వాటితోపాటు ఇటుకంత బరువున్న ఒక నల్లటి ట్రాన్స్‌ఫార్మర్, దాని నెత్తిన ఒక నాబ్.

మా లక్సెట్టిపేటకు గోదావరి ఉంది గానీ రైలు లేదు. రైలెక్కాలంటే మంచిర్యాల పోవాల్సిందే. చిన్నప్పుడు నాకు రైలంటే బాపును తీసుకుపోయే బండి, అంతే. రెండేళ్లకోసారి వచ్చేవాడు, రెండు నెలలుండి వెళ్లేవాడు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో. గల్ఫ్ నుంచి వచ్చిన దుప్పటి, టార్చిలైటు, సెంటుసీసా లేని ఇల్లు మా వాడలో అరుదు.

అక్కడ బాపు ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లయి వదిలేసిన రైలును 1995లో మాకోసం మోసుకొచ్చాడు. మాకోసం అన్నాను గానీ, నాబ్ తిప్పే హక్కు తమ్ముడిదే! నేను చెయ్యి పెట్టబోతే "ఆడపిల్లవు, కరెంటు జోలికి రాకు" అనేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తమ్ముడికి ఆరు. వాడికి కొట్టని షాక్ నాకే ఎందుకు కొడుతుందో అడగాలనిపించేది. అడగలేదు.

బాపు పోయి పన్నెండేళ్లయింది. తమ్ముడిప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. రైలు మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఆ పెట్టెను వదిలితేనా! పట్టాలు పరిచింది, ప్లగ్గు పెట్టమంది. పెట్టాను. నాబ్ సగం తిప్పినా బండి కదల్లేదు. ఇంకొంచెం తిప్పేసరికి ఒక్క దూకు దూకి మంచం కోడుకు గుద్దుకుంది. వెనక్కి తిప్పితే ట్రాన్స్‌ఫార్మర్ లోంచి చిటపటలు, కాలిన వాసన. గబుక్కున ప్లగ్గు పీకేశాను. "చెప్పిన్నా?" అంది అమ్మ.

మా ఆయన "కొత్తది కొనిద్దాంలే" అన్నారు. టీవీలు బాగుచేసే అబ్బాయి మూత కూడా విప్పకుండా "ట్రాన్స్‌ఫార్మర్ పోయిందక్కా, పడెయ్యండి" అన్నాడు. ఎందుకో మనసొప్పలేదు. బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపుకు పట్టుకెళ్లాను. ఆ షాపాయన మా బాపు ఈడువాడు. పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "పోలేదు బిడ్డా, అరిగింది" అన్నాడు. పోవడానికీ అరగడానికీ అంత తేడా ఉందని నాకు ఆ పూటే తెలిసింది.

మూత కింద ఏముంది?

విప్పకముందే ఆయన చూసింది కరెంటు తీగను. పెట్టెలోకి దూరే చోట దాని పైతొడుగు బీటలిచ్చి రాగి కనిపిస్తోంది. "ముందు ఇది, తర్వాతనే ఆట" అని తీగ మొత్తం మార్చాడు. ఆ తీగనే కదా నేను తీసి గోడలో పెట్టింది! తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

లోపల ఇనుప రేకుల దిమ్మ, దాని చుట్టూ రెండు రాగి చుట్టలు. ఒకదానికి ఇంటి కరెంటు 230 వోల్టులు. రెండోదానిలోంచి పట్టాలకు వెళ్లేది పదహారు వోల్టులో ఎంతో. ఈ రెండు చుట్టలూ ఒకదాన్నొకటి తాకవు. మొదటిదానిలో పారే కరెంటు ఇనుములో అయస్కాంతశక్తి పుట్టిస్తే, ఆ శక్తి రెండోదానిలో మళ్లీ కరెంటు పుట్టిస్తుంది. పిల్లలు పట్టాలు ముట్టుకున్నా ప్రమాదం లేనిది ఈ ఎడం వల్లే. ఆ ఎడం చెడలేదని షాపాయన మెగ్గర్ పెట్టి చూశాకే తర్వాతి పనికి దిగాడు.

మరి నాబ్ చేసే పనేమిటి? లెక్క సులువుగా ఉండాలని వోల్టుకు ఐదు చుట్లు అనుకుందాం. 230 వోల్టుల వైపు 1150 చుట్లుంటే, 16 వోల్టుల వైపు 80 చుట్లు చాలు. ఆ చుట్ల మీద ఒక వరసలో ఎనామిల్ పూత గీకి రాగిని బయటపెడతారు. నాబ్ తిప్పితే కింద ఒక చిన్న చెయ్యి ఆ వరస మీద జరుగుతుంది. నలభయ్యో చుట్టు మీద ఆగితే 8 వోల్టులు, అరవయ్యో చుట్టు మీద ఆగితే 12. వంటింట్లో కొలగిన్నె మీద గీతలున్నట్టే!

ఆ చెయ్యి కొసకు బఠాణీగింజంత నల్లటి కార్బన్ ముక్క. మాది అరిగి అరిగి సగమైంది. అందుకే కొన్నిచోట్ల రాగిని తాకక బండి కదల్లేదు. కొన్నిచోట్ల కార్బన్ బదులు దాన్ని పట్టుకున్న ఇత్తడి గుబ్బే చుట్లకు తగిలి నిప్పురవ్వలు, వాసన.

"కార్బన్ ఎందుకు, ఆ ఇత్తడే ఉంచితే అరగదు కదా?" అన్నాను, తెలివిగా అడిగాననుకుని. ఆయన నవ్వాడు. జరిగేటప్పుడు ఆ ముక్క ఒక్కోసారి పక్కపక్క చుట్లు రెంటినీ తాకుతుందట. ఇత్తడైతే ఆ రెండు చుట్లూ కలిసిపోయి, వాటిలోనే కరెంటు గిర్రున తిరిగి కాలిపోతాయి. కార్బన్ కరెంటును పోనిస్తుంది గానీ కొంచెం అడ్డుకుంటూ పోనిస్తుంది. అందుకే చుట్టలు బతుకుతాయి. పైగా అది రాగి కన్నా మెత్తన. "అరిగితే అదే అరగాలె గానీ రాగి అరగొద్దు బిడ్డా. పది రూపాయల ముక్క పోతది, పెట్టె నిలుస్తది" అన్నాడు.

మిక్సీ బ్రష్షుతో వైద్యం

ఆ ముక్క మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? ఆయన సొరుగులోంచి మిక్సీ మోటారు కార్బన్ బ్రష్షు తీశాడు. "నువ్వే రాకు" అని ఆకురాయి నా చేతికిచ్చాడు. నేనా? చుట్టూ చూశాను. మోటారు కోసం వచ్చిన ఇద్దరు రైతులు ఆసక్తిగా చూస్తున్నారు. కొంగు దోపి స్టూలు మీద కూర్చున్నాను.

అరగంట రాకాను. చేతులు బొగ్గయ్యాయి. వెడల్పు పాత ముక్కంతే ఉండాలి, ఎక్కువైతే మూడు నాలుగు చుట్లను తాకుతుంది. సరిపోయాక చుట్ల మీద సన్నటి గరుకు కాగితాన్ని గరుకు పైకి ఉండేలా పరిచి, దాని మీద ఆ చెయ్యిని నాలుగుసార్లు అటూ ఇటూ జరిపించాడు. ముక్క అడుగు చుట్ల వంపుకు తగ్గట్టు కుదిరింది. నల్లబడిన రాగి వరసను మాత్రం గరుకు కాగితంతో రుద్దనివ్వలేదు. పెన్సిలు రబ్బరుతో తుడిపించాడు. చుట్టుకూ చుట్టుకూ మధ్యనున్న పూత పోకూడదు కదా! పొడినంతా బ్రష్షుతో దులిపి, స్ప్రింగు బిగించి, పట్టాలకు కాకుండా ముందు లారీలకు వాడే 24 వోల్టుల బల్బుకు కలిపాడు. నాబ్ తిప్పితే బల్బు దీపం ఒత్తి పెంచినట్టు మెల్లగా పెరిగింది. ఎక్కడా ఆరలేదు, ఎగరలేదు.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఇది మా ఒక్కరి కథ కాదని. అమెరికాలో లయొనెల్ కంపెనీ 1948లో తెచ్చిన జడ్ డబ్ల్యూ అనే బొమ్మ రైలు ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ ఇలాగే కార్బన్ రోలర్లుంటాయి. అవి అరిగినప్పుడల్లా మార్చుకుంటూ అక్కడి అభిమానులు ఆ పెట్టెల్ని ఇప్పటికీ నడిపిస్తున్నారు. మన దేశంలో చిన్న రైళ్లకు పుణెలో 1998 నుంచి జోషీ గారి మ్యూజియమే ఉంది. తీసుకెళ్లమని మా అమ్మాయి అప్పుడే పేచీ మొదలుపెట్టింది.

మీ ఇంట్లోనూ ఉంది ఆ ముక్క

బొమ్మ రైలు అందరిళ్లలో ఉండదు. మిక్సీ ఉంటుంది. కుట్టుమిషనుకు మోటారు ఉంటే దానిలోనూ కార్బన్ బ్రష్షులుంటాయి. మిక్సీ అడుగున నిప్పురవ్వలు ఎక్కువైనా, ఆగి ఆగి తిరిగినా మోటారు కాలిందని అప్పుడే అనుకోకండి. ముందు బ్రష్షులు చూడమని అడగండి. అయితే ఇవి గుర్తుంచుకోండి:

* ప్లగ్గు తీసి మన కళ్లెదుట పెట్టుకోకుండా ఏ మూతా విప్పొద్దు. స్విచ్చి కట్టేస్తే చాలదు.
* తీగ బీటలిస్తే టేపు చుట్టి సరిపెట్టొద్దు. మార్చాల్సిందే.
* ఇంటి కరెంటు కలిసే చోటు పని తెలిసినవాళ్లదే. పక్కన నిలబడి చూడండి, అడగండి.
* చుట్టల మీద నూనె, కిరోసిన్ వెయ్యొద్దు. కార్బన్ పొడి ముద్దకట్టి కొత్త చిక్కు తెస్తుంది.
* కార్బన్ ముక్కకు బదులు రేకు, రాగితీగ పెట్టే పని చెయ్యొద్దు.

ఆ సాయంత్రం పట్టాలు మళ్లీ పరిచాం. మా అమ్మాయి నాబ్ మీద చెయ్యి పెట్టబోయి ఆగి "అమ్మమ్మా, నువ్వు తిప్పు" అంది. "నాకెందుకే, షాక్ కొడ్తది" అంటూ అమ్మ వెనక్కి జరిగింది. నలభై ఏళ్లు బాపు పంపిన డ్రాఫ్టులతో, ఉత్తరాలతో ఇల్లు నడిపిన మనిషి! కొత్త తీగ చూపించాను, ఎందుకు కొట్టదో చెప్పాను. కాసేపటికి చెంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

నాబ్ ఇంత కొంచెం తిప్పింది. బండి కదిలింది. దూకలేదు, ఆగలేదు, మంచం చుట్టూ నిదానంగా తిరిగి వచ్చింది.

"ఈ రైలు మళ్ల మనింటికే వస్తుందే" అంది అమ్మ.

పాత సామానతను మొన్న వచ్చాడు. విరిగిన బకెట్లు రెండిచ్చి పంపాం.