పాపికొండల పడవ ప్రయాణము - చవుకయగు దినములు



చలికాలము వచ్చెనన్న మా ఖానాపురము హవేలియందును, ఖమ్మము చుట్టుపట్ల పల్లెలయందును, భద్రాద్రిరాముని దర్శించి పడవపైఁ బాపికొండలు చూచి రావలెనను ముచ్చట బయలుదేఱును. ఇరువదిమందినో ముప్పదిమందినో వెంటఁ గొనిపోవు భారము గ్రామపెద్దలమీఁదనే పడును. "ఎప్పుడు పోయినఁ జవుక?" అని నన్నడుగువారు పలువురు. ఆ సంగతియే నేఁడు చెప్పఁబూనితిని.

సముద్రముపైఁ దిరుగు విహారనౌకల మాట వేఱు. 2022లో విశాఖపట్టణమునుండి పుదుచ్చేరి మీదుగాఁ జెన్నపట్టణమునకు అట్టి నౌక యొకటి నడచినది. వానిలో గది ఖాళీగాఁ బోయెనా, ఆ సొమ్ము యజమానికి మరల రాదు. కావున నెలల ముందు కొన్నవారికిఁ గాని, చివరి దినములలో మిగిలిన గది తీసికొన్నవారికిఁ గాని వెల తగ్గించుట కలదు. ఇది విని మన పడవవాఁడును గడపటికి దిగివచ్చునని కాచుకొనుట వ్యర్థము. ఇది ఒక్క పగటి ప్రయాణము. తగినంత మంది చేరకున్న పడవయే కదలదు. వెల యెక్కుట దిగుట టిక్కెట్టునందుకంటె భద్రాచలములోని బసయందును, బండి బాడుగయందును, నడుమనుండు ఏజెంటు రుసుమునందును ఎక్కువ.

అందుచేఁ బంచాంగము చూచి బయలుదేఱుట మేలు. కార్తికమాసపు సెలవుదినములు, ముక్కోటి యేకాదశి, సంక్రాంతి, శ్రీరామనవమి - ఈ దినములలో భద్రాచలమున గది దొరకుటయే గగనము. రెండేండ్లకొకమాఱు మాఘమున మేడారము జాతర వచ్చును. అప్పుడు బస్సులటు మళ్ళును, బాడుగబండ్లు ప్రియమగును. కార్తికము వెళ్ళి ముక్కోటి రాకముందును, సంక్రాంతి గడచి శివరాత్రి రాకముందును, మంగళ బుధ గురువారములు ఉత్తమములు. పదిపదునైదు దినముల ముందు మాటాడుకొన్నఁ జాలును. పండుగకే పోవలెనన్నచో నెల ముందే బస కుదుర్చుకొనవలయును. పత్తితీఁత, మిరపకోత నడుమ తీఱిక చూచుకొనుట మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఇంకొక చవుక కలదు. వానకాలమున బసలు ఖాళీగానుండును, ఎవరైనఁ దగ్గించి యిత్తురు. ఆ చవుక మనకు వలదు. భద్రాచలమున గోదావరి 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48 అయిన రెండవది, 53 అయిన మూడవది. 2022 జూలైలో 71 అడుగులు దాఁటినది. వఱదలోఁ బడవలు నిలిపివేయుదురు. ముందిచ్చిన సొమ్ముకై తిరుగుట మన వంతగును. నిలుపకున్న నింకను గీడు. 2019 సెప్టెంబరు 15, ఆదివారమునాఁడు, నది వఱదతోఁ బాఱుచుండఁగాఁ గచ్చులూరు వద్ద విహారపు పడవ మునిఁగినది. ఎక్కినవారు 70 మందికిఁ బైగా. వారిలో సగముకంటె నెక్కువమంది మరణించిరి. వరంగల్లు దగ్గఱి కడిపికొండనుండి కూడి వచ్చినవారును ఆ పడవలో నుండిరి - మనవలెనే గుంపుగా బయలుదేఱినవారు. వఱదయే కారణము కానక్కఱలేదు. 2018 మే 15న మంటూరు వద్ద సాయంకాలపు గాలివానకు లాంచి మునిఁగి జననష్టము కలిగినది. కావున వేసవిచివరి దినములును నేను విడిచితిని.

మన వైపునుండి పడవయెక్కు రేవు వి.ఆర్. పురము మండలములోని పోచవరము. ఆ మండలము 2014లో ఆంధ్రప్రదేశమునఁ గలిసినది. పడవలకు అనుమతినిచ్చుట, ఆఁపుట అచ్చటి అధికారుల పని. బయలుదేఱునాఁటి ముందుదినము పడవలు నడచుచున్నవో లేవో ఖమ్మములోని ఏజెంటును గాక, రేవునందున్న వారినే యడుగవలయును. పైకము చెల్లించునపుడు రేవువఱకు బండి, పడవలో భోజనము ఆ వెలలోఁ జేరినవా, నది పెరిగి పడవ నిలిచిన సొమ్ము తిరిగి వచ్చునా - ఇవి రసీదుపై వ్రాయించుకొనుఁడు. తలకొక లైఫుజాకెట్టు లేనిచో, ఇచ్చిన సొమ్ము పోయినను సరే, మీవారి నెక్కనీయకుఁడు.

పేరంటాలపల్లి వద్దఁ గొండరెడ్లు వెదురుతోఁ జేసిన వస్తువు లమ్ముదురు. చిల్లర దగ్గఱ నుంచుకొనుఁడు. అచ్చట బేరమాడి పదిరూపాయలు మిగుల్చుట నా కంతగా రుచింపదు.